గేదెల కొరకు ప్రార్థన

మా సంఘంలో రోగులెవరూ లేరు. ఎవరైనా అడిగితే ధైర్యంగా చెప్పండి, పడమటిలంక స్త్రీల సమాజం కార్యదర్శి సలోమి చెప్పిందని చెప్పండి. మా దగ్గర జ్వరం లేదు, షుగరు లేదు, నడుం నొప్పి లేదు. ఉన్న రోగాలన్నీ మా గేదెలకే.

ఈ ఘనత మా అంతట మేం సాధించింది కాదు. మా సంఘాలన్నిటి మీదా పట్నంలో ఒక కార్యాలయం ఉంది. అందులో కొత్తగా ‘సమగ్ర ఆత్మీయ శారీరక క్షేమాభివృద్ధి విభాగం’ అని ఒకటి తెరిచారు. దానికి కన్వీనరు డాక్టర్ ఎబినేజరు గారు. మందులిచ్చే డాక్టరు కాదు లెండి. ఆయన ప్రసంగాలు విని మురిసిపోయిన ఏదో దేశం వాళ్లు పోస్టులో పంపిన డాక్టరేటు అది. ఆయన కుర్చీలో కూర్చోగానే బైబిల్లో వాక్యం తిరగేశారు. అపొస్తలుల్లో ఒకాయన తన స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, నీ ఆత్మ బాగున్నట్టే నీ ఒళ్లూ బాగుండాలని కోరుకుంటున్నానన్నాడు. మనమూ ఉత్తరాల్లో క్షేమం కోరతాం, అలాంటిదే. విభాగం వారు దాన్ని జీవో చదివినట్టు చదివారు. ఆత్మ ఎదిగితే ఒళ్లు బాగుంటుంది, కాబట్టి ఒళ్లు బాగోలేదంటే ఆత్మ ఎదగలేదు అని తేల్చారు. వెంటనే సర్క్యులర్ వచ్చేసింది.

మా పాస్టరు జెకర్యా అయ్యగారు దాన్ని ఆదివారం ఆరాధనలో నిలబడి చదివారు. ఆయన మంచివారే. కాకపోతే పైవాళ్లంటే భయం. పైవాళ్లంటే పట్నంలో ఉన్నవాళ్లు. ఇంకా పైన ఉన్నాయనంటే ఆయనకి చనువే.

“ఇందుమూలముగా సమస్త సంఘములకు తెలియజేయునదేమనగా, శరీరము ఆత్మకు దర్పణమై యున్నందున, ఎదుగుచున్న సంఘమునందు రోగులుండుట అసమంజసము. కావున ఆరాధన క్రమమందలి ‘రోగుల కొరకు ప్రార్థన’ తొలగించి, తత్ స్థానమున ‘ఆరోగ్యవంతుల కృతజ్ఞతాస్తుతి’ చేర్చవలెను. రోగులు లేనిచోట రోగుల పరామర్శ అనావశ్యకము గనుక, కాపరులు అట్టి గృహ దర్శనములు మానుకొనవలెను. సంవత్సరాంతమున రోగరహిత సంఘమునకు షీల్డు బహూకరింపబడును.”

షీల్డు అనేసరికి సంఘమంతా నిటారుగా కూర్చుంది. క్రిస్మస్ పాటల పోటీలో ఏటేటా షీల్డు ఎగరేసుకుపోయేది తూర్పులంక వాళ్లు. కాలవ అవతల వాళ్ల గుళ్లో అవి గాజు బీరువాలో వరసగా నిలబెట్టి ఉంటాయి. కిటికీలోంచి మాకు కనబడేలాగే పెట్టారు, దుర్మార్గులు. పాట మన చేతిలో లేదు గానీ రోగం మన చేతిలో ఉంది కదా అని మా సంఘపెద్దలు ఆ రోజే తీర్మానించారు.

ఆ మరుసటి ఆదివారం నుంచి గుళ్లో దగ్గు నిషేధం. దగ్గొస్తే నోరు మూసుకుని బయటికి వెళ్లి బోరింగు దగ్గర దగ్గి రావాలి. ప్రసంగం కాస్త పొడుగైతే లోపల కంటే బోరింగు దగ్గరే జనం ఎక్కువుండేవారు. వందనాలు చెప్పుకున్నాక “ఒంట్లో ఎలా ఉందండి” అని అడగడం అమర్యాద అయిపోయింది. అలా అడిగితే నీ భక్తి ఏపాటిదని అడిగినట్టే. కళ్లజోడు పెట్టుకోవచ్చా లేదా అని పెద్దలు ఒక పూటంతా చర్చించి, వాక్యం చదివేటప్పుడు మాత్రం పెట్టుకోవచ్చన్నారు.

చిక్కల్లా ప్రార్థన మనవుల దగ్గర వచ్చింది. మా గుళ్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతేమిటంటే, ప్రసంగం అయ్యాక ఎవరికి ఏ బాధ ఉన్నా లేచి నిలబడి చెప్పుకుంటారు, అయ్యగారు పేరుపేరునా ప్రార్థన చేస్తారు. సగం మంది ప్రసంగం కోసం కాదు, దీని కోసమే వస్తారు. వారమంతా ఎవరికీ చెప్పుకోలేనిది ఆ ఒక్క నిమిషంలో చెప్పుకుని ఇంటికి పోతారు. ఇప్పుడు అయ్యగారు “మనవులేమైనా ఉన్నాయా” అంటే అందరూ నేల చూపులు చూస్తున్నారు. కొన్ని వారాలు అలాగే గడిచింది. చివరికి ఓ ఆదివారం సంఘపెద్ద బర్నబా గారు బల్ల పట్టుకుని మెల్లిగా లేచారు.

“మా గేదె గురించండి అయ్యగారూ. మోకాళ్లు పట్టేస్తున్నాయండి దానికి. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. వాతం నూనె రాసినా తగ్గట్లేదండి.”

అయ్యగారు జేబులోంచి సర్క్యులర్ తీసి మొదటి నుంచి చివరి దాకా చదువుకున్నారు. అందులో గేదెల ప్రస్తావన లేదు. ఆయన మొహం వెలిగిపోయింది. రెండు చేతులూ పైకెత్తి బర్నబా గారి గేదె మోకాళ్ల కోసం కన్నీళ్లతో ప్రార్థన చేశారు. బర్నబా గారూ ఏడ్చారు.

ఆ తరవాతి వారం చూడాలి మీరు. ఒక గేదెకి షుగరు, ఇంకో గేదెకి కంటిలో పువ్వు. ఒకావిడ గేదెకి గర్భసంచి తీసేశారట, కుట్లు మానలేదట. ఇంట్లో కోడిపిల్ల కూడా లేని స్కూలు మాస్టారి గేదెకి బీపీ వచ్చింది, పిల్లకాయలు మాట వినకపోవడం వల్ల. కొత్తగా కాపురానికొచ్చిన ఒక పిల్ల లేచి, తల దించుకుని, “మా గేదె ఎందుకో ఊరికే ఏడుస్తుందండి, తెల్లారితే లేవబుద్ధి కావట్లేదంటుందండి” అంది. దానికి అయ్యగారు చాలాసేపు ప్రార్థన చేశారు.

మా పశుసంపద ఎంత పెరిగిందంటే, ఊళ్లో పాలు పోసే గేదెలు ఎన్నో మాకు తెలీదు గానీ రోగాలున్న గేదెలు మాత్రం ఇంటికి రెండు లెక్కన తేలాయి. పట్నానికి మాత్రం మా సంఘం నుంచి చక్కటి సమాచారం వెళ్తోంది, మనుషులందరూ క్షేమమని.

ఒక్క మనిషి తప్ప. ఆ మనిషి మా ఇంట్లోనే ఉంది.

మా అత్త తబితమ్మ. మా ఆయనకి తల్లి, నాకు మేనత్త, అందుకే నువ్వనే చనువు. కడుపులో గడ్డని పెద్దాసుపత్రిలో చూపిస్తే, ఇంటికి తీసుకెళ్లి ఇష్టమైంది పెట్టమన్నారు. మా ఆయన లారీ మీద ఎక్కడో ఉంటారు. కాబట్టి పెట్టేదాన్నీ నేనే, తిట్లు తినేదాన్నీ నేనే. మంచం మీద మనిషి పుల్లలా అయిపోయింది గానీ నోరు మాత్రం విభాగం వారు మెచ్చుకునేంత ఆరోగ్యంగా ఉంది.

“ఏమే సలోమీ, అయ్యగారు ఇటు రావడమే మానేశాడు. నేనేం పాపం చేశానంట?”

“జబ్బు చేశావు అత్తా. అంతకంటే ఏం కావాలి.”

“బల్ల తీసుకోవాలే నేను. గుడికి పోలేను కదా. ఆయన్నే రొట్టె, ద్రాక్షరసం పట్టుకుని రమ్మను. నా పక్కన కూర్చుని నా పేరు పెట్టి ఒక ప్రార్థన చెయ్యమను. బాగుచెయ్యమని అడగట్లేదు నేను. పోతాను. బల్ల తీసుకుని పోతానంటున్నాను, అంతే.”

ప్రభువు బల్ల తీసుకోకుండా పోతానేమోనని దాని భయం. అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది, “గేదె పేరు చెప్పి మనవి పెడతాను అత్తా, అందరూ అలాగే చేస్తున్నారు” అన్నాను.

“గేదెనా నేను?” మంచం మీద లేచి కూర్చోబోయింది. “ఆ గుడి పునాదికి ఇసక మోశాను నేను. నీ మొగుణ్ణి చంకనేసుకుని ఆ గుళ్లో పాటలు పాడాను. ఇప్పుడు నా కడుపునొప్పి గేదె ఖాతాలో రాస్తారా? బైబిల్లో తిమోతికి కడుపు బాగుండేది కాదు, పౌలుకి ఒంట్లో ముల్లు ఉండేది. వాళ్ల ఆత్మలు ఎదగలేదా? ఏ గేదెని అడ్డం పెట్టుకున్నారంట వాళ్లు? నా పేరు తబిత. తబిత అనే ప్రార్థన చెయ్యాలి.”

అయ్యగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన చేతులు నలుపుకుంటూ కన్వీనరు గారికి ఫోను కలిపి, నాకూ వినబడేలా పెట్టారు.

“కాపరిగారూ,” అన్నారు ఎబినేజరు గారు, గొంతు ఫోనులోనే మైకులో మాట్లాడినట్టుంది. “మీ ప్రశ్నలోనే మౌలికమైన దోషమున్నది. మంచాన ఉన్న విశ్వాసి అనగా ఎవరు? ఎదుగుదల స్తంభించిన విశ్వాసి. ఎదుగుదల స్తంభించిన వారికి బల్ల ఇచ్చుట ఎట్లు? ముందు ఎదగనివ్వండి.”

“ఎదిగేలోపల పోయేలా ఉందండి ఆవిడ.”

“అది మా విభాగ పరిధిలోనికి రాదు. అయినను మీ సంఘములో రోగులు లేరని కదా మీ సమాచారము? ఇప్పుడొక రోగి ఎట్లు ఉద్భవించెను? మీ స్థానచలనం విషయము నా బల్ల మీదనే ఉన్నదని గుర్తుంచుకొనగలరు.”

అయ్యగారు ఫోను పెట్టేసి నావైపు చూడలేకపోయారు. నాకు ఒళ్లు మండింది. ఏదో ఒకటి అనేదాన్నే గానీ ఆయన చిన్న కూతురు పక్కనే కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. ఈ మధ్యే హైస్కూలుకి మారింది పాపం, అయ్యగారికి బదిలీ అయితే మళ్లీ మారాలి. నోరు మూసుకుని ఇంటికొచ్చాను.

షీల్డు మాకే ఖాయమైంది. దాన్ని స్వహస్తాలతో ఇవ్వడానికి ఎబినేజరు గారు వస్తున్నారన్నారు. గుడికి సున్నం కొట్టించారు, మైకులు కట్టారు, బోరింగు దగ్గర దగ్గేవాళ్లు కనబడకుండా పరదా కూడా కట్టారు. సరిగ్గా ఆ రోజు పొద్దున్నే మా అత్త ఊపిరి మారింది. మధ్యాహ్నానికి మాట తగ్గిపోయింది. కళ్లు మాత్రం గుమ్మం వైపే ఉన్నాయి. పక్కింటావిణ్ణి కూర్చోబెట్టి అయ్యగారి ఇంటికి పోయాను.

కన్వీనరు గారు అక్కడ భోజనానికి కూర్చుని ఉన్నారు. నున్నటి సూటు, మెడలో టై, మనిషి మాత్రం ఎందుకో వాడిపోయి ఉన్నారు. కోడికూర గిన్నె ఆయన వైపే జరిపి ఉంది గానీ ముట్టినట్టు లేదు.

“అయ్యగారూ, మా గేదెకి బాగోలేదండి,” అన్నాను గుమ్మంలోంచే. “సాయంత్రం దాకా ఉండేలా లేదండి.”

అయ్యగారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మా ఇంట్లో గేదె లేదని ఆయనకి తెలుసు. ఒక్క క్షణం కన్వీనరు గారిని చూశారు, ఒక్క క్షణం నన్ను చూశారు. తరవాత చెయ్యి కడుక్కోడానికి లేచారు. నేను ఇరవై సంవత్సరాలుగా ఆయన్ని ఎరుగుదును, అంత తొందరగా లేవడం ఎప్పుడూ చూడలేదు.

“ఆ చిన్న పెట్టె కూడా తెచ్చుకోండయ్యగారూ,” అన్నాను. బల్ల ఇవ్వడానికి ఇళ్లకి తీసుకెళ్లే పెట్టె అది.

“గేదెకు పెట్టె ఎందుకు?” అన్నారు కన్వీనరు గారు.

“ప్రార్థన చేసి రాసే నూనె ఉంటుందండి అందులో.”

ఆయన కుర్చీ వెనక్కి జరిపారు. “పశువుల స్వస్థత! ఇది మా విభాగమునకు నూతన అధ్యాయము. మేమును వచ్చెదము. కాపరిగారి ప్రార్థనతో గేదె లేచి నిలబడిన యెడల పత్రికలో సాక్ష్యముగా వేయవచ్చును.”

మీరు మెల్లిగా రండని చెప్పి, అడ్డదారిన బర్నబా గారి దొడ్లోకి దూరి, ఆయన గేదెని పలుపుతాడుతో సహా విప్పుకుని వచ్చి మా గుమ్మం ముందు కట్టేశాను. ఏనుగు పిల్లంత ఉంది అది. నాలుగు కాళ్ల మీద నిక్షేపంగా నిలబడి మా పందిరి మీది బీరతీగ నవులుతోంది.

వాళ్లు వచ్చారు. అయ్యగారు గేదె వైపు చూడకుండా, “మాటలు వినబడితే పశువు బెదురుతుందండి, నేను లోపల ప్రార్థన చేస్తాను” అని ఇంట్లోకి వెళ్లిపోయారు. కన్వీనరు గారు గేదె చుట్టూ తిరిగారు.

“దీనికేమియు అయినట్టు లేదే, సహోదరీ.”

“అయ్యగారు బయల్దేరారనగానే తిప్పుకుందండి.”

“ఆశ్చర్యకార్యము!” అని ఆయన గేదె నుదుటి మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నారు. గేదె ఆయన టై వాసన చూసింది. ఆ సందులో నేను లోపలికి జారుకున్నాను.

అయ్యగారు మంచం పక్కన నేల మీద కూర్చుని పెట్టె తెరిచారు. మా అత్త ఆయన చెయ్యి పట్టుకుంది. “ప్రభువా, నీ కుమార్తె తబితను జ్ఞాపకం చేసుకో” అని మొదలుపెట్టారు. లోగొంతుకతోనే మొదలుపెట్టారు గానీ, ఇన్నాళ్లూ గేదెల మధ్య నలిగిపోయిన మనిషి కదా, దుఃఖం ఆపుకోలేక గొంతు పెంచేశారు. తబిత, తబిత అని ఇల్లంతా వినబడింది. ఆ పేరు వింటుంటే నాకూ ఆగలేదు.

గుమ్మంలో వెలుగు తగ్గింది. కన్వీనరు గారు వచ్చి నిలబడ్డారు.

“ఏమి జరుగుచున్నది ఇక్కడ?”

రొట్టె ముక్క అయ్యగారి వేళ్ల మధ్యే ఉంది. ఇంకా మా అత్త నోటికి చేరలేదు. అయిపోయింది, నా చేతులారా చెడగొట్టాను అనుకున్నాను. అయ్యగారు వెనక్కి తిరగలేదు. ముందు రొట్టె మా అత్త నాలుక మీద పెట్టారు. తరవాత గిన్నె పెదాలకి ఆనించి, కారిన చుక్క తన కండువాతో తుడిచారు. అప్పుడు లేచారు.

“కాపరిగారూ, ఈమె రోగి.”

“అవునండి,” అన్నారు అయ్యగారు. “రోగే.”

ఆ మాట మా ఊళ్లో వినబడి ఎన్నాళ్లయిందో.

“మీ మీద ఏమి చర్య తీసుకొనబడునో మీకు…”

“ఎవరు బాబూ అది?” అంది మా అత్త. గొంతు సన్నగా ఉంది గానీ స్పష్టంగానే ఉంది. “ఆ పట్నం ఆయనేనా? ఇలా రా. మీ గేదె ఎలా ఉంది బాబూ?”

నాకు అర్థం కాలేదు. గేదె మాట ఎత్తితే తిట్టిపోసిన మనిషి ఇది. మతి తప్పుతోందేమోనని దగ్గరికి వెళ్లబోతే చేత్తో ఆగమంది.

“మాకు గేదె లేదమ్మా,” అన్నారాయన. “మేము మూడో అంతస్తులో ఉంటాము.”

“లేకపోతే రోగాల్ని ఇంతలా తరిమికొట్టవు. మీ ఇంట్లో ఏదో పెద్దదే ఉంది. దాని పేరేంటి బాబూ?”

బయట గేదె తీగ నవులుతున్న చప్పుడు వినబడుతోంది. ఆయన ఆ సూటుతోనే మంచం పక్కన మట్టి నేల మీద కూర్చున్నారు.

“లూదియ,” అన్నారు.

“మేత తింటోందా?”

“లేదండి.” ఆ పుస్తకాల భాష ఎక్కడికి పోయిందో, మా ఊరి మనిషిలా మాట్లాడుతున్నారు. “మందు ఎక్కించిన దగ్గర్నుంచీ ఏదీ ఇమడట్లేదండి. జుట్టంతా ఊడిపోయింది. ఊళ్లో చెల్లెలి పెళ్లి పనుల్లో ఉందని అందరికీ చెప్పానండి. తలుపేసి వస్తున్నాను. ప్రార్థన చేయించరా అని అడుగుతోందండి రోజూ. ఎవర్ని అడగను? విభాగానికి కన్వీనర్ని నేను.”

అయ్యగారు మొహం తిప్పుకున్నారు. కన్వీనరు గారి మీద నాకున్న కోపమంతా ఎక్కడికి పోయిందో తెలీదు. పూర్తిగా పోయిందని చెప్పను, గేదె ఊరికే ఏడుస్తుందన్న ఆ కొత్త కోడలి మొహం గుర్తుకొస్తే ఇప్పటికీ వస్తుంది.

మా అత్త ఎముకలు తేలిన చెయ్యి తీసి ఆయన తల మీద పెట్టింది. “ప్రభువా,” అంది, “ఈ బాబు పెళ్లాం లూదియ…”

ఆయన ఉలిక్కిపడి తలెత్తారు.

“ప్రభువు దగ్గర గేదెలేంటి బాబూ,” అంది మా అత్త. “కళ్లు మూసుకో.”

సరిగ్గా అప్పుడే గుడి దగ్గర మైకు మొదలైంది. సభకి వేళైందని బర్నబా గారు గొంతు సవరించుకుని, ఊరూ వాడా తూర్పులంకా వినబడేలా ప్రకటిస్తున్నారు. “మన సంఘంలో రోగులెవరూ లేరు. మన సంఘంలో రోగులెవరూ లేరు. షీల్డు బహూకరించుటకు కన్వీనరు గారిని వేదిక మీదికి సాదరంగా ఆహ్వానిస్తున్నాం.”

మా అత్త ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. మైకు మళ్లీ అరిచింది. దాని ఊపిరి ఎంత మిగిలుందో మాకందరికీ తెలుసు.

“ఎవరే ఆ అరిచేది?” అంది. “ఆపమనండి కాసేపు. ప్రార్థన చేసుకుంటున్నాం ఇక్కడ.”

నేను లేవబోయాను. ఎబినేజరు గారు నన్ను కూర్చోమని చెయ్యి ఊపి, కళ్లు తుడుచుకుని, గుమ్మం దగ్గర విప్పిన బూట్లు కూడా వేసుకోకుండా తానే గుడి వైపు పరిగెత్తి మైకు ఆపించి వచ్చారు.